తెరమీది పొగ, వాకిటిలోని పొగ

టెలివిజన్ ధారావాహికలతో వారపత్రిక కేమి పని యని మిత్రులు కొందఱు మమ్ము ప్రశ్నింపవచ్చును. ఎన్నికలు, పంటల ధరలు, నదీజలముల తగవులు ఇన్ని యుండగా, ప్రొద్దుపోక చూచు కథలను గూర్చి సంపాదకీయ మేల యని వారి యాక్షేపణము. దీనికి మా సమాధాన మొక్కటియే. ఒక జాతి ప్రతిదినమును ఏ కథ వినుచున్నదో, ఆ కథలో నెవరికి చోటున్నదో, ఎవరికి లేదో, అదియు ప్రజావిషయమే. పూర్వము హరికథయు, వీధిభాగవతమును, బుఱ్ఱకథయు జనుల మనస్సులను దిద్దెడివి. నేడా యధికారము గోడకు వ్రేలాడు పెట్టెకును, అఱచేతిలోని సెల్‌ఫోనునకును సంక్రమించినది. అధికార మెచ్చట నున్నదో అచ్చట విమర్శయు నుండవలెను గదా!

ఈ కొలది మాసములలో మేము కొన్ని ధారావాహికలను పనిగట్టుకొని చూచితిమి. కొన్ని యింట చూచితిమి. కొన్ని పఠనమందిరపు మిత్రులతో చూచితిమి. ఒకటి పాశమైలారమున కార్మికులు కాపురముండు నొక గదిలో చూచితిమి. వానిలో మెచ్చదగినవి యున్నవి. నవ్వుకొని విడువదగినవి యున్నవి. రాత్రి నిద్ర పట్టనీయనివి రెండున్నవి. మా యభిప్రాయములను మొగమోటము లేక పాఠకుల యెదుట నుంచుచున్నాము.

మొదట పాతమాట యొకటి. టెలివిజన్ మన పల్లెలకు వచ్చినప్పటి సంకల్పము వేఱు. 1975 ఆగష్టు మొదలు 1976 జూలై వఱకు ఒక సంవత్సరకాలము ఉపగ్రహము ద్వారా ఆఱు రాష్ట్రములలోని 2400 పల్లెలకు కార్యక్రమములను ప్రసారము చేసిరి. వానిలో నాటి ఆంధ్రప్రదేశపు పల్లెలును గలవు. సేద్యము, ఆరోగ్యము, చదువు ముఖ్యవిషయములు. ఊరి కొక పెట్టె. ఊరంతయు దాని ముందు. 1977 అక్టోబరులో హైదరాబాదున దూరదర్శన కేంద్రము వెలసినది. 1988లో 'భారత్ ఏక్ ఖోజ్' అను 53 భాగముల ధారావాహిక వచ్చినది. నెహ్రూ పండితుడు అహమదునగరు కోటలో బందీయై వ్రాసిన గ్రంథము దానికి మూలము. తిరుమలగిరిలో జన్మించిన మన శ్యాం బెనగల్ దానికి దర్శకుడు. బెనగల్ 2024 డిసెంబరులో పరమపదించిన పిమ్మట దానిని మరల చూచితిమి. కొన్ని రంగములు నాటకశాలలోనివి వలె బిగుసుకొని యున్నవి. ఐనను ఈ దేశము నీది, దీని మంచిచెడ్డలు నీవి యని చూపరితో చెప్పు గాంభీర్యము దానియందు చెక్కు చెదరలేదు. చూపరిని కొనుగోలుదారుగా గాక పౌరునిగా నెంచిన కాలమది.

ఇక నేటి దినసరి ధారావాహికలకు వత్తము. 'కార్తీక దీపము' 2017 నుండి 2023 వఱకు పదునైదు వందలకు పైబడిన భాగములుగ సాగి, తెలుగు లోగిళ్ల నేలినది. 2024లో రెండవ కథగా మరల వచ్చినది. మేనిచాయ నలుపైన పడుచును తక్కువగా చూడరాదను నీతి దాని పునాది. మంచి నీతియే. కాని యా పాత్రకు నల్లని నటి నొకతెను వెదకుటకు మాఱుగా, తెల్లని నటికి నల్లరంగు పూసిరి! వర్ణద్వేషమును ఖండించు కథయే నల్లని పిల్లకు వేషము నీయకపోయిన, ఆ నీతి యెవరికి బోధించినట్లు? 'బ్రహ్మముడి'లో విగ్రహములకు రంగులు దిద్దు నింటి పిల్ల నగల వర్తకుల మేడలో కోడలగును. చేతిపని యెఱిగిన స్త్రీ కథానాయిక యైనదని మేము సంతసించితిమి. కాని దినములు గడచినకొలది ఆమె చేతిపనికంటె మేడలోని కుట్రలే మిన్నగ కనబడినవి.

ఈ కథలలో ననేకము ఎరువు సొమ్ములే. మొదటిది మలయాళమునుండి వచ్చినది. 'బ్రహ్మముడి'యు, అంతకుముందు వచ్చిన 'ఇంటింటి గృహలక్ష్మి'యు వంగదేశమునుండి వచ్చినవి. ఎరువు తెచ్చుట తప్పని మేమనము. నన్నయభట్టారకుడు భారతమును సంస్కృతమునుండియే తెచ్చెను. కాని తెచ్చి తెనుగు చేసెను! తెచ్చుట దోషము గాదు, తెచ్చినదానిని మన మట్టిలో నాటకపోవుట దోషము. ఈ మేడలు ఏ యూరిలో నున్నవి? ఈ కుటుంబము లే జిల్లావి? ఎవరికిని తెలియదు. ఆ యింటివారు పనికి పోరు, పోయినను పనిచేయరు. నెలజీత మెంతయో తెలియదు. అద్దె యెంతయో తెలియదు. బియ్యము నిండుకొన్న దినమే లేదు. ఒక తలుపు తెఱచుటకు మూడుసార్లు ఉఱుము వినబడును గాని, ఒక్కనాడైనను కర్మాగారపు కూత వినబడదు.

అట్లని తెలుగువారికి మంచికథ చెప్పు నేర్పు లేదందుమా? 2024 జనవరిలో వచ్చిన 'నైంటీస్' అను నాఱు భాగముల ధారావాహికను చూచి మేము మనసార నవ్వుకొంటిమి. లెక్కల పంతులు, ఆయన భార్య, ముగ్గురు బిడ్డలు: కథ యింతే. ఉత్తముడు, దుష్టుడు అను విభాగము లేదు. జీతము వచ్చు తేది యున్నది, మార్కుల భయమున్నది, ప్రొద్దున పెట్టు ఉప్మాపై పిల్లవాని తిరుగుబాటున్నది. 2025 జనవరిలో వచ్చిన 'శివరపల్లి'యు ఎరువు కథయే. హిందీలోని 'పంచాయత్' దాని మాతృక. మూలము నడిచిన దారినే అడుగులో అడుగు వైచి నడచుట దాని లోపము. కాని పాలమూరు మాట దానికి ప్రాణము పోసినది. పంచాయతి కార్యదర్శికి కుర్చీ యొకటి, సర్పంచి భర్తకు పెత్తన మొకటి, ఊరికి సమస్య యొకటి. ఇంతమాత్రముననే కథ నిలిచినది. కాబట్టి కొఱత నేర్పునందు లేదు; చూపునందున్నది. మనవారి చూపు బడిపంతులు నింటికి చేరినది, పంచాయతి కచేరికి చేరినది. కర్మాగారపు గేటువద్ద నది యాగిపోయినది.

ఆ గేటువద్ద చూచిన యొక సాయంకాలమును గూర్చి యిప్పుడు చెప్పవలెను.

హైదరాబాదునుండి బొంబాయి పోవు రహదారిపై పటాన్‌చెరువు దాటిన పిమ్మట ఇస్నాపూరు చౌరస్తా వచ్చును. అచ్చట ప్రక్కకు మరలిన పాశమైలారము. మందులు, రసాయనములు, ఇనుము మొదలైన పలు పరిశ్రమలు గల వాడ యది. చుట్టును వరుస గదులు, గదికి నలుగురైదుగురు. ఒరియా, భోజపురి, వంగభాష, తెలుగు ఒకే పంపువద్ద వినబడును. భారతదేశ ఐక్యమును గూర్చి సభలలో మేము చేసిన యుపన్యాసములు చాలగలవు. ఆ యైక్యము చాపలు పఱచుకొని నిద్రించు చోటు మాత్రము ఇదియే. అట్టి గదిలో, ఒక యాదివారము, రాత్రి పాళీ లేని యైదుగురితో కూర్చుండి 'ది రైల్వే మెన్' అను హిందీ ధారావాహికను చూచితిమి.

నాలుగే భాగములు. 2023 నవంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చినది. శివ్ రవైల్ దర్శకుడు. 1984 డిసెంబరు 2వ తేది రాత్రి భోపాలులోని యూనియన్ కార్బైడ్ కర్మాగారమునుండి విషవాయువు వెలువడి, నిద్రలోనున్న నగరముపై పఱచుకొన్న కథ. ఆ రాత్రి రైలుస్టేషనులోని యుద్యోగులు ప్రాణములకు తెగించి ప్రయాణికులను కాచిన వృత్తాంతము దానికి వెన్నెముక. కే కే మీనన్ ధరించిన స్టేషను మాస్టరు పాత్రకు ఆనాటి భోపాలు స్టేషనులో పనిచేసిన గులాం దస్తగీరు ఆదర్శము. ఆ నటుని యభినయము మిక్కిలి మెచ్చదగినది. అఱపులు లేవు, ఉపన్యాసములు లేవు, చేతిలో దీపమును, గుండెలో బాధ్యతయు గల ఒక యుద్యోగి. మాధవన్, బాబిల్ ఖాన్ మొదలగువారును తమ పాత్రలకు న్యాయము చేసిరి. స్టేషనులో దొంగతనమునకు వచ్చి పోలీసు వేషమున తిరుగువాని కథ కల్పనయని తెలియుచునే యున్నది. అది వినోదమునకై యతికినది గాని లేకున్నను కొఱత లేదు. ఇందిరాగాంధీ హత్యానంతరము సిక్కులపై జరిగిన దౌర్జన్యమును ఒక రైలు పెట్టెలో చూపిన భాగము మాత్రము ఉచితమైనది. గాలిలోని విషము, మనస్సులోని విషము, రెండింటిని ఒకే రాత్రి ముందుంచినది.

ధారావాహిక ముగిసినది. గదిలో చాలసేపు మాటలేదు. అప్పుడు ఒడిషానుండి వచ్చిన యొక యువకుడు, ఇరువదియైదేండ్లు నిండనివాడు, మమ్ము హిందీలో నొక్క ప్రశ్న యడిగెను. ఆ స్టేషను మాస్టరువంటివాడు మా గేటువద్ద నెవరున్నారు బాబూ యని. మేము న్యాయస్థానములలో ఎందఱి ప్రశ్నలకో సమాధానము చెప్పినవారము. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పజాలకపోయితిమి.

ఏలన, మేము కూర్చున్నది పాశమైలారము. 2025 జూన్ 30వ తేది సోమవారమునాటి యుదయమున ఆ వాడలోని యొక కర్మాగారమున సంభవించిన విస్ఫోటనములో యాబదిమందికి పైగా మడిసిరి. వారిలో ననేకులు ఒడిషా, బీహారు, ఉత్తరప్రదేశము మొదలగు దూరదేశములనుండి పొట్టకూటికై వచ్చినవారు. కొందఱి దేహములను గుర్తించుటకు రక్తపరీక్షలు చేయవలసివచ్చినది. కొందఱి యానవాలే దొరకలేదు. మృతుల కుటుంబములకు కోటి రూపాయల చొప్పున పరిహారమని ప్రకటన వెలువడినది. విచారణసంఘములు నియమింపబడినవి. పత్రికలు పదిదినములు వ్రాసినవి. పిమ్మట మఱియొక వార్త వచ్చినది.

విధి చేసిన వింత యొకటి గలదు. భోపాలు కర్మాగారములో నలుబదియేండ్లు పడియుండిన 337 టన్నుల విషపదార్థమును 2025 జనవరిలో పీతంపూరునకు తరలించి కాల్చనారంభించిరి. ఆ దహనము ముగిసినది 2025 జూన్ నెలాఖరుననే. అచ్చట పాత నిప్పు చల్లారుచుండగా ఇచ్చట క్రొత్త నిప్పు రగిలినది! ఇట్టి సంధి నే నాటకకర్త కల్పించినను, అతిశయోక్తి యని మేమే తప్పుపట్టి యుందుము.

మేము చూచిన రెండవ నిద్రలేని కథ 'చెర్నోబిల్'. 2019లో వచ్చిన యైదు భాగముల ధారావాహిక. రచయిత క్రెయిగ్ మేజిన్. 1986 ఏప్రిలు 26వ తేదిన సోవియటు దేశములోని యణువిద్యుత్కేంద్రము ప్రేలిన చరిత్ర. దానిని జూచి, అది సోవియటు ప్రభుత్వముపై నింద గదా, మనకేమి యని తప్పించుకొనువారు గలరు. అట్లు గాదు. నింద ప్రభుత్వముపైనే కాదు, అబద్ధముపై. క్రిందియుద్యోగి పైయుద్యోగికి చెప్పిన చిన్న యబద్ధము, పైయుద్యోగి రాజధానికి చెప్పిన పెద్ద యబద్ధము, అన్నియు కలసి ఎట్లు నిప్పగునో ఆ ధారావాహిక మెట్టుమెట్టుగా చూపినది. అందలి దోషములను గూడ చెప్పెదము. శాస్త్రజ్ఞురాలైన ఉలానా ఖోమ్యుక్ పాత్ర కల్పితము. పెక్కుమంది శాస్త్రజ్ఞులను గూర్చి యొక పాత్రగ చేసిరి. లెగసోవ్ పండితుడు న్యాయస్థానమున నిలిచి సత్యమును చెప్పిన ఘట్టమును కల్పనయే. ఆయన యా విచారణకు హాజరు కాలేదు. నాటకమునకు న్యాయస్థానము కావలసివచ్చినది. న్యాయవాదవృత్తిలోని మాకు అది గర్వకారణమో, హాస్యాస్పదమో తేలలేదు. నిజమైన న్యాయస్థానములలో సత్యమంత నాటకీయముగ వెలువడుట మేము చూడలేదు.

భోపాలునే చూడుడు. 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరినది. కంపెనీ యధ్యక్షుడు ఆండర్సన్ 1984 డిసెంబరు 7న నిర్బంధింపబడి, ఆనాడే జామీనుపై విడుదలయై, దేశము విడిచిపోయి, విచారణకు తిరిగి రాకయే 2014లో మరణించెను. 2010 జూన్ 7న భోపాలు న్యాయస్థానము భారతీయాధికారులకు రెండేండ్ల శిక్ష విధించినది. అదనపు పరిహారమునకై కేంద్రప్రభుత్వము వేసిన పిటీషనును 2023 మార్చి 14న సుప్రీంకోర్టు త్రోసిపుచ్చినది. ఒక రాత్రి సంగతిని నాలుగు భాగములలో చెప్పవచ్చును. ఈ ముప్పదితొమ్మిదేండ్ల సంగతిని చెప్పు ధారావాహిక ఎవరు తీయుదురు? అందులో వీరుడు లేడు, రైలు లేదు, పరుగు లేదు. వాయిదాలు మాత్రమున్నవి.

'ది రైల్వే మెన్'పై మా ముఖ్యమైన యాక్షేపణము నిందుండియే వచ్చును. అది వీరుని చూపి మన కన్నీరు తుడుచును. ఆపదలో నొక మంచివాడు లేచి వచ్చునను నమ్మకముతో మనలను నిద్రపుచ్చును. కాని వీరుడు కావలసివచ్చిన చోట చట్టము ముందే యోడిపోయినదని యర్థము. భోపాలు పిమ్మట 1987లో కర్మాగారముల చట్టమును సవరించి, ప్రమాదకరమైన పనిలో నున్న కార్మికునికి తన చుట్టునున్న యపాయమును తెలిసికొను హక్కును, అపాయము సమీపించినదని హెచ్చరించు హక్కును వ్రాసిరి. ఆ చట్టము స్థానమున క్రొత్త శ్రమస్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. స్మృతి మాఱవచ్చును, ఆ యొడిషా యువకునికి తాను మోయు బస్తాలో నేమున్నదో అతని భాషలో చెప్పువాడు లేనంతకాలము, ఏ స్మృతియు కాగితమును దాటదు. మేమతని నడిగితిమి. తన హక్కును గూర్చి యతడు వినలేదు. ఆ ధారావాహికలోని దొంగ పేరు మాత్రము చెప్పగలిగెను.

ధారావాహికలో ప్రమాదమునకు ముందే హెచ్చరించు పత్రికారచయిత యొకడున్నాడు. ఆ పాత్రకు మూలము భోపాలు నివాసియైన రాజ్‌కుమార్ కేస్వానీ. ఆయన 1982లోనే, అనగా రెండేండ్లు ముందుగనే, ఆ కర్మాగారము నగరమును బలిగొనునని తన చిన్న వారపత్రికలో మరల మరల వ్రాసెను. ఎవరును లెక్కచేయలేదు. పాఠకులారా, ఆ పత్రికయు మా పత్రికవంటిదే. కొలదిమంది చందాదారులు, ఒక ముద్రాయంత్రము, ఒక మొండి మనిషి. ఆ భాగమును చూచునపుడు మాకు కలిగినది గర్వము గాదు, భయము. మేము వ్రాయవలసి వ్రాయనివి ఎన్ని గలవో యను భయము.

కథకు వస్తువు లేదని మన నిర్మాతలు చెప్పజాలరు. ఈ పటాన్‌చెరువు ప్రాంతముననే నక్కవాగు వెంబడి నీరు రంగు మాఱిన కథ యున్నది. కాలుష్యమును గూర్చి 1990లో సుప్రీంకోర్టు మెట్లెక్కిన వ్యాజ్యమున్నది. రోగులకు మందిచ్చుచు, రోగమునకు మూలమైన నీటికై దశాబ్దములు పోరాడిన డాక్టరు అల్లాణి కిషన్‌రావు జీవితమున్నది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఇచ్చటి శుద్ధికేంద్రమునుండి వెడలు నీటిని పరీక్షించి, లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్ససిన్ అను మందున్నదని లోకమునకు చాటిన వృత్తాంతమున్నది. జ్వరము వచ్చినవాడు మాత్రగా మ్రింగు మందు వాగులో పాఱుచున్నది! ఇంతకు మించిన వింతకథ ఏ మేడలో దొరకును? భోపాలు కథకు మంచి ధారావాహిక వచ్చుటకు ముప్పదితొమ్మిదేండ్లు పట్టినది. పాశమైలారము కథకు తెలుగు ధారావాహిక 2064 వఱకు వేచియుండవలెనా?

మా సూచనలు మూడు. మొదటిది నిర్మాతలకు: ఎరువు కథ తెచ్చుకొనుడు, తప్పులేదు, కాని మీ నాయిక భర్త ఏ పాళీలో పనిచేయునో, ఆ పాళీనుండి యింటికి తిరిగివచ్చునో లేదో యను నొక్క చింతను ఆ కథలో చేర్చుడు. అత్తకోడండ్ర తగవుకంటె నది యుత్కంఠ గలది. రెండవది పఠనమందిరములకు: నెల కొకసారి యిట్టి ధారావాహిక నొకదానిని అందఱు కలసి చూడుడు, కార్మికులను పిలువుడు, చూచిన పిమ్మట దీపము వెలిగించి, మన యూరి కర్మాగారములను గూర్చి యొక గంట మాటలాడుడు. అర్ధశతాబ్దము క్రిందట పల్లె కొక పెట్టె చుట్టు కూర్చున్న జనము మనవారే. తలకొక తెర వచ్చిన పిమ్మట, ఏడ్చినను ఒంటరిగనే యేడ్చుచున్నాము. ఒంటరి కన్నీరు ఎవరిని ప్రశ్నింపదు. మూడవది మాకును, మావంటి న్యాయవాదులకును: నెలకొక యాదివారము ఇస్నాపూరు చౌరస్తాలో కూర్చుండి, కార్మికుని హక్కులను హిందీలోను, ఒరియాలోను, తెలుగులోను చదివి వినిపింతము. మేము ఈ మాసమునుండియే యారంభించుచున్నాము. తోడు వచ్చువారు రావచ్చును.

ఆ యువకుని ప్రశ్నకు నాడు సమాధానము చెప్పలేకపోయితిమి. నేడు చెప్పుచున్నాము. నాయనా, మీ గేటువద్ద స్టేషను మాస్టరు లేడు. ఉండవలసిన యవసరమే లేకుండ చేయుట మా పని. ఆ పని మేము చేయనినాడు, తెరమీది పొగను చూచి మేము కార్చిన కన్నీరు నటన యని నీవు నిస్సంకోచముగ చెప్పవచ్చును.